విద్యకు విత్తనపు గింజలు

ఆచార్యునకు జీతమొసగిన చాలదా, పరిశోధనమునకు వేఱుగ ధనమేల యని కొందఱడుగుదురు. విత్తనములను సైతము వండుకొని తినిన రైతునకు మఱుసటి యేడు పంట యెక్కడిది? విద్యయు నట్టిదే.

1926లో వెలసిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు జయపుర మహారాజు విక్రమదేవవర్మగారు ఏటేట లక్షరూపాయలొసగ నేర్పాటు చేసిరి. విజ్ఞానకళాశాల వారి పేరు దాల్చెను. ఆ దశాబ్దములలోనే అచ్చట రసాయనాచార్యులైన టి. ఆర్. శేషాద్రిగారు శిష్యులతో గూడి ప్రత్తిపూవులలోని వర్ణద్రవ్యములను వేరుచేసి పరీక్షించిరి. మన చేలలో ననుదినము చూచు పూవే! దాని మర్మమెఱుగుటకు పరికరములు, గ్రంథములు, శిష్యులకు భృతి, గురువునకు తీరిక కావలయును.

అట్టి శ్రమకు ఫలము ఒక్క కారులో చేతికందదు. ధనమిచ్చువారు లెక్క యడుగవచ్చును, అడుగవలెను. కాని నాటిన మఱునాడే మొలకను పెఱికి వేరు చూడరాదు.