బిళ్లకు లొంగని క్రిమి



చోడవరం పక్క పల్లెలో చెరకు కోతకు వెళ్లే ఒక తల్లి ఉందనుకోండి. పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆస్పత్రికి వెళితే ఆ రోజు కూలి పోతుంది. మందుల షాపులో అడిగి నాలుగు బిళ్లలు తెచ్చింది. రెండు వేసేసరికి పిల్లవాడు తేరుకున్నాడు. మిగతా రెండూ చూరులో దాచింది. నెల తిరక్కుండా వాటిని పక్కింటి పిల్లకు ఇచ్చింది. మంచి మనసుతోనే ఇచ్చింది. కాని లోపల ఏం జరిగిందో చూడండి.

మన పేగుల్లో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు ఉంటాయి. చాలావరకు మనకు మేలు చేసేవే. ఏ జీవి ఏ పని చెయ్యాలో దానిలోనే రాసి ఉంటుంది. ఆ రాతను జన్యువు అంటారు. చీటీ అనుకోండి. రోగం తెచ్చే క్రిమిలో ఒక చీటీ మీద 'విషం ఇలా తయారుచెయ్యి' అని ఉంటుంది. ఇంకో చీటీ మీద 'మందు నుంచి ఇలా తప్పించుకో' అని ఉంటుంది. ఒక క్రిమి తన చీటీకి నకలు తీసి పక్క క్రిమికి ఇవ్వగలదు! బిళ్ల వేస్తే చీటీ లేనివి చస్తాయి. ఉన్నవి మిగిలి, పిల్లలు పెడతాయి. అవసరం లేని బిళ్ల వేసినా ఇదే జరుగుతుంది.

1950 తర్వాత జపాన్‌లో జిగట విరేచనాల క్రిములు ఒకేసారి నాలుగు రకాల మందులకు లొంగకుండా పోయాయి. అందులో టెట్రాసైక్లిన్ ఒకటి. ఆ జాతి మందుల్లో మొదటిది 1948లో అమెరికాలో వెలువడింది. ఆ పరిశోధనశాలకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఎంత కష్టపడి తెచ్చిన మందు! పదేళ్లు నిండకుండానే క్రిమి దాన్ని దాటేసింది.

మన పొరుగునా జరిగింది. 1992లో మద్రాసులో కొత్త రకం కలరా పుట్టింది. బాగా వాడకంలో ఉన్న సెప్ట్రాన్ బిళ్లకు అది లొంగలేదు. కలరా క్రిమికి విషం చీటీని మోసుకొచ్చేది ఒక వైరస్ అని 1996లో తేలింది.

మరి ఏం చెయ్యాలి? నీళ్ల విరేచనాల్లో చాలావాటికి ఈ బిళ్లలు అక్కర్లేదు. ప్రాణం తీసేది ఒంట్లో నీరు పోవడం. నెత్తురు పడినా, కళ్లు గుంటలు పడినా, తాగింది కక్కేస్తున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. డాక్టరు బిళ్లలు రాస్తే, చెప్పినన్ని రోజులూ వెయ్యాలి.

ఆశా కార్యకర్త దగ్గర ఓఆర్ఎస్ పొట్లం అడగండి. లేకపోతే లీటరు నీళ్లు కాచి చల్లార్చండి. తలకొట్టిన చిన్న చెంచాతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెరకు పండే సీమలో పంచదారకేం తక్కువ! ముందు మీరు రుచి చూడండి. కన్నీళ్లకంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి.