అప్పుకు ముందు జరిగే కథ

ఫలానా దేశానికి ప్రపంచ బ్యాంకు అప్పు మంజూరు చేసిందని వార్తల్లో వింటుంటాం. అడగ్గానే ఇచ్చేస్తుందా? ఇవ్వదు. ముందు ఆ దేశం పరిస్థితిని ఆరా తీస్తుంది. పేదరికం ఎక్కడుంది, ఎందుకు పోవడం లేదు అని. ఆ నివేదిక పట్టుకుని ప్రభుత్వంతో కూర్చుంటుంది. సాధారణంగా నాలుగు నుంచి ఆరేళ్లకు ప్రణాళిక వేస్తారు. రోడ్లా, బడులా, కరెంటా, ముందు దేనికన్నది అందులో తేలుతుంది. బాగా పేద దేశాలకైతే ఐడీఏ అనే విభాగం ఉంది. వడ్డీ నామమాత్రం, గడువు దీర్ఘం.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ప్రణాళికలో పేరుంటే డబ్బు వచ్చినట్టు కాదు. ప్రతి ప్రాజెక్టుకూ విడిగా పరిశీలన, విడిగా బోర్డు ఆమోదం. ఆమోదం వచ్చాక కూడా అప్పు ఆగిపోవచ్చు.

బంగ్లాదేశ్‌లో పద్మా వంతెన సంగతే చూడండి. 120 కోట్ల డాలర్లకు 2011లో ఒప్పందం కుదిరింది. అవినీతి ఆరోపణలతో మరుసటి ఏడాదే బ్యాంకు దాన్ని రద్దు చేసింది. ఆ ఆరోపణల మీద నడిచిన కేసులో కెనడా కోర్టు 2017లో నిందితులను నిర్దోషులుగా తేల్చింది. అప్పటికే బంగ్లాదేశ్ సొంత డబ్బుతో పని మొదలుపెట్టేసింది. 2022లో వంతెన మీద బండ్లు తిరిగాయి.

మరి బ్యాంకుతో తెగతెంపులా? అదేం లేదు. మిగతా అప్పులు నడుస్తూనే ఉన్నాయి. 2023లో అప్పటి ప్రధాని షేక్ హసీనా వాషింగ్టన్ వెళ్లారు. కొత్త రుణాల మీద సంతకాలయ్యాయి. బ్యాంకు అధ్యక్షుడికి ఆమె ఒక చిత్రపటం బహూకరించారు. అందులో ఉన్నది పద్మా వంతెనే!