ట్రాక్టరు బ్యాటరీ: మార్చే ముందు పరీక్ష



పుష్యమాసంలో, యాసంగి నాట్లకు పొలం దున్నాల్సిన పొద్దున ట్రాక్టరు కిర్రుమని ఆగిపోతుంది. ఆదిలాబాదు చలికి బ్యాటరీ చెడిందంటారు. చలికి దాని బలం తగ్గేమాట నిజమే. కాని అసలు చెరిచేది ఎండ. పూర్వపు కరీంనగరు జిల్లాలోని రామగుండంలో వేసవిలో 45 డిగ్రీలు దాటుతుంది గదా! ఆ వేడికి నీరు ఇగిరి, లోపలి పలకలు తినిపోతాయి. చలి ఆ సంగతి బయటపెడుతుంది.

అయినా వెంటనే కొత్తది కొనకండి. ముందు ఇంజను ఆపండి. బీడీ దగ్గరికి రానీయకండి; బ్యాటరీలోంచి వచ్చే వాయువు మండుతుంది. కొనలమీద తెల్లపొడి ఉంటే తినేసోడా నీళ్లతో కడిగి, తుడిచి, గట్టిగా బిగించండి. పలకలు తేలితే డిస్టిల్డు వాటరుతో ముంచండి. బోరునీళ్లు, ఆసిడు పోయరాదు.

తర్వాత నిండా చార్జి చేయించి, ఒక రాత్రి ఉంచి చూపించండి. 12.6 వోల్టులుంటే మంచిదే. హైడ్రోమీటరులో ఐదు గదులు 1.260 చూపి, ఒకటి 1.200 దగ్గరే నిలిస్తే ఆ గది పోయినట్లే, మార్చవలసిందే. గదులన్నీ సమంగా ఉన్నా, ఇంజను నడిచేటప్పుడు 13.8 వోల్టులైనా రాకుంటే తప్పు బెల్టుదో, ఆల్టర్నేటరుదో. కొత్త బ్యాటరీకీ అదే గతి పడుతుంది.

విప్పేటప్పుడు మైనసు తీగ మొదట, బిగించేటప్పుడు చివర. పాతదాన్ని ఇంటివద్ద పగులగొట్టకండి. సీసం పిల్లలకు విషం. కొత్తది కొన్నచోటే ఇచ్చి ధర తగ్గించుకోండి.