ఊరి సంస్థకు పెట్టుబడి
(రైతు శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



కందులు పండించువారము మనము. కల్లములో మనము అమ్మిన కందులే పప్పుగా మారి మన ఊరి దుకాణమునకు తిరిగి వచ్చినపుడు, వాటిని కొనువారము కూడ మనమే. ఈ రెండు బేరముల నడుమ మిగులు సొమ్ములో కొంతయైనను ఊరికి దక్కవలెనని, ఊరిలో పది మందికి పని దొరకవలెనని తలచి, చాల గ్రామములలో రైతులు సంఘముగా చేరి పప్పు మిల్లు, నూనె గానుగ, పాల కేంద్రము, యంత్రముల అద్దె కేంద్రము వంటివి పెట్టుకొన గోరుచున్నారు. లాభముతో పాటు ఊరి మేలును కూడ చూచు ఇట్టి వానిని సామాజిక వ్యాపార సంస్థలని పిలుచుచున్నారు.

వీరు మా వద్దకు వచ్చి మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: “అయ్యా, దీనికి గ్రాంటు ఎక్కడ దొరుకును?”

ప్రశ్న న్యాయమైనదే. కాని దానిని మూడవ ప్రశ్నగా అడుగవలెనని నా మనవి. మనము ఎంత వేసికొనగలము అన్నది మొదటి ప్రశ్న. ఊరు ఏమి ఇవ్వగలదు అన్నది రెండవది. ఈ రెంటికి జవాబు లేకుండ వచ్చిన గ్రాంటు షెడ్డు కట్టును గాని సంస్థను నిలుపలేదు.

నేను చూచిన ఒక గ్రామములో గ్రాంటు సొమ్ముతో పప్పు మిల్లు పెట్టినారు. సభ్యులు వేసినది తలకు వంద రూపాయలు మాత్రమే. మొదటి పంటకు రైతులు కందులు తెచ్చినారు. పది దినములు కాటా నడచినది. పదకొండవ దినమున సంఘము వద్ద చెల్లించుటకు డబ్బు లేదు. రైతుకు కూలీల బాకీ ఉన్నది, పిల్లల ఫీజు ఉన్నది. ఎంత కాలము ఆగును? బండ్లు వర్తకుని వద్దకు మళ్లినవి. యంత్రములో లోపము లేదు, కందులకు కొదువ లేదు. అయినను తలుపునకు తాళము పడినది. అంతకంటె విచారకరమైన సంగతి ఏమనగా, ఆ తాళము ఎందుకు పడినదని అడుగుటకు ఒక్క సభ్యుడును రాలేదు. వంద రూపాయలే కదా పోయినవి!

వాటా ధనము

ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పినారు. ముల్కనూరు పేరు మీరు వినియే ఉందురు. నాటి కరీంనగరు జిల్లాలో, నేడు హనుమకొండ జిల్లాలో ఉన్న ఆ గ్రామములో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారి చొరవతో సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగు సంఘము ఏర్పడినది. అప్పు ఇచ్చుట, ఎరువులు, విత్తనములు అందించుట, పండిన పంటను కొనుట, ఇవన్నియు ఒకే సంఘము క్రింద సాగినవి. ఆ ప్రాంతమునందే పొదుపు సంఘములలో నెలనెలా కొద్ది కొద్దిగా దాచుకొని, పద్దులు వ్రాయుట నేర్చిన స్త్రీలు ఆ తరువాత తమ సొంత డెయిరీ పెట్టుకొన్నారు. ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్ముచున్నారు. ముందు పొదుపు, తరువాత డెయిరీ. ఈ వరుసను గమనించవలెను.

కావున ప్రతి సభ్యుడును తనకు కొంచెము బరువు తోచునంత వాటా వేయవలెను. రెండు వేల రూపాయలు ఒక్కసారిగా వేయలేనివారు నెలకు వంద చొప్పున ఇరువది నెలలలో వేయవచ్చును. కౌలు రైతులను, స్త్రీలను విడువరాదు. వాయిదాలు లేనిచో మొదట దూరమగువారు వారే.

యంత్రము కాదు, సరకు

ఇపుడు ఒక లెక్క వేసికొందము. రోజుకు 10 క్వింటాళ్ల కందులు ఆడు చిన్న మిల్లు అనుకొనుడు. ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. 2025-26 సంవత్సరమునకు కేంద్రము ప్రకటించిన మద్దతు ధర ఇదియే. రోజుకు కందులకు 80,000 రూపాయలు కావలెను. కందులను తడిపి, ఎండబెట్టి, ఆడించి, పప్పు అమ్మి, సొమ్ము చేతికి వచ్చుసరికి 30 దినములు పట్టునని అనుకొన్నచో, 24 లక్షల రూపాయలు సరకులోనే నిలిచియుండును. ఈ నిర్వహణ పెట్టుబడిని లెక్కించక యంత్రము ధర మాత్రమే లెక్కించినవారు చెడిపోవుచున్నారు.

దీనిని తగ్గించు మార్గములు మూడు ఉన్నవి.

1. మొదటి సంవత్సరము కందులు కొనకుడు. రైతు తెచ్చిన కందులను కూలికి ఆడించి పప్పు అతనికే ఇవ్వుడు. సంఘము సొమ్ము సరకులో చిక్కదు. పని నేర్పు కూడ వచ్చును.

2. కొనుట మొదలుపెట్టినపుడు కాటా వద్ద నూటికి 60 వంతుల ధర చెల్లించి, మిగిలిన 40 పప్పు అమ్మిన తరువాత ఇచ్చుటకు సర్వసభ్య సమావేశములో ఒప్పుకొనుడు. 24 లక్షలు 14 లక్షల 40 వేలగును. అవసరములో ఉన్న చిన్న రైతుకు మాత్రము మొదటి రెండు క్వింటాళ్లకు పూర్తి ధర చెల్లించుట ధర్మము. ఆ మేరకు కొంత సొమ్ము అదనముగా చూచుకొనవలెను.

3. పప్పును దగ్గరలోనే రొక్కమునకు అమ్మి 30 దినములను 15కు తగ్గించుడు. అపుడు కావలసినది 7 లక్షల 20 వేలు.

300 మంది సభ్యులు రెండు వేల చొప్పున వేసినచో 6 లక్షలగును. చూచినారా, కొండవలె కనిపించిన పెట్టుబడి ఎంత దగ్గరకు వచ్చినదో! తక్కిన కొద్ది మొత్తమునకు బ్యాంకు గుమ్మము ఎక్కవచ్చును.

ఊరి సాయము

ఊరు ఇచ్చు సాయమంతయు డబ్బు రూపములో ఉండదు. వాడుకలో లేని కట్టడమును పంచాయతీ అద్దెకు ఇవ్వగలదు. అయితే నోటిమాట చాలదు. తీర్మానము, గడువుతో కూడిన అద్దె పత్రము ఉండవలెను. సర్పంచి మారినను సంస్థ కదలరాదు. మహిళా పొదుపు సంఘములు ఇంటింటికి పప్పు అమ్మగలవు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు వారమునకొకసారి పద్దులు తనిఖీ చేయగలడు. పట్టణములలో స్థిరపడిన మన ఊరివారిని చందా అడుగుటకంటె, ఏడాదికి సరిపడ పప్పు మన వద్దనే కొనుడని అడుగుట మేలు. చందా ఒక్కసారి వచ్చును. కొనుగోలు ఏటేటా వచ్చును. ఊరి వర్తకునితో వైరము పెట్టుకొనకుడు. గోనె సంచులు, లారీలు, బజారు సంగతులు ఎరిగినవాడు అతడే.

బయటి సాయము

ఇపుడు మీ మూడవ ప్రశ్నకు వచ్చుచున్నాను. 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘముల ఏర్పాటుకు కేంద్రము 2020లో ఒక పథకము ప్రారంభించినది. మైదాన ప్రాంతములో కనీసము 300 మంది సభ్యులు ఉండవలెను. అందు చేరిన సంఘమునకు మూడు సంవత్సరముల నిర్వహణ ఖర్చులకై 18 లక్షల వరకు సాయము నిర్ణయించినారు. సభ్యులు వేసిన వాటాకు సమానముగా, తలకు 2,000 రూపాయలకు మించకుండ, సంఘమునకు 15 లక్షల వరకు గ్రాంటు కూడ ఉన్నది. పైన చెప్పిన 6 లక్షల వాటాకు మరి 6 లక్షలు తోడగునన్నమాట. సభ్యులు వేయనిచో ఈ గ్రాంటు రాదు. పదివేల సంఖ్య 2025 ఫిబ్రవరిలో పూర్తియైనట్లు ప్రకటించినారు. కావున కొత్త సంఘములవారు తమకు చోటు ఉన్నదో లేదో నాబార్డు జిల్లా అధికారిని, వ్యవసాయశాఖవారిని ముందుగా అడుగవలెను.

ఇట్టి సంఘములకు బ్యాంకు ఇచ్చు 2 కోట్ల వరకు రుణమునకు పూచీ నిధి కూడ అదే పథకములో ఉన్నది. పూచీ బ్యాంకునకే గాని మనకు కాదు. అప్పు తీర్చవలసినవారము మనమే. గిడ్డంగులు, శుద్ధి కేంద్రముల కొరకు 2020లోనే ఏర్పడిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి క్రింద 2 కోట్ల వరకు రుణముపై ఏటా 3 శాతము వడ్డీ రాయితీని 7 సంవత్సరముల వరకు నిర్ణయించినారు. ఇట్టి పథకముల గడువులు మారుచుండును. దరఖాస్తుకు ముందు విచారించుకొనుడు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులను రైతు కంపెనీ నేరుగా తీసికొనుటకు వీలు లేదు. అందుకై నమోదైన ట్రస్టు, సొసైటీ వంటి సేవా సంస్థ ద్వారా పోవలెను.

ఎవరి వద్దకు పోయినను ఐదు పుస్తకములు చంకలో ఉండవలెను: సభ్యుల జాబితా, తీర్మానముల పుస్తకము, రొక్కపు పద్దు, సరకు పద్దు, తనిఖీ చేయించిన జమాఖర్చు. ఇవి లేని సంఘమునకు ఎంత గొప్ప సిఫారసైనను బ్యాంకు వద్ద చెల్లదు.

బయటి సాయము పుచ్చుకొనుట తప్పు కాదు. గుజరాతులో ఖైరా జిల్లా పాడి రైతులు 1946లో తమ పాలతో తమ సంఘమును నిలుపుకొన్నారు. తరువాత ఆనందులో 1955లో పాలపొడి కర్మాగారము పెట్టుకొనుటకు యూనిసెఫ్ యంత్రములు ఇచ్చి తోడ్పడినది. అందుకు బదులుగా పేద పిల్లలకు ఉచితముగా పాలు పంచుటకు వారు ఒప్పుకొన్నారు. తమ చేత పాలున్నవి గనుకనే వారు బేరమాడి సాయము పుచ్చుకొనగలిగినారు.

మీరు ఊరికి పోయి ఈ వారమే ఇరువది మందిని ఒకచోట కూర్చుండబెట్టుడు. ఎవరు ఎంత వాటా వేయుదురో, ఎన్ని క్వింటాళ్లు పోయుదురో ఒక కాగితముపై వ్రాసి సంతకములు చేయించుడు. ఆ కాగితముతో మా వద్దకు రండు. గ్రాంటు సంగతి అపుడు మాటలాడుకొందము.