పేరు వదులుకోని పౌరులు

 

1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా మాట్లాడారు. ఛోటానాగపూర్ అడవుల బిడ్డ, ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో దేశానికి హాకీలో తొలి స్వర్ణం తెచ్చిన జట్టుకు ఆయనే కెప్టెన్. అంతటి మనిషి తాను ‘జంగ్లీ’నని ఆ సభలో గర్వంగా చెప్పుకున్నారు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పనక్కర్లేదు, వాళ్ల దగ్గరే నేర్చుకోవాలని వాదించారు. ఆయన కోరుకున్నది ఈ దేశంలో సొంత పేరుతో బతకడం. ‘ఆదివాసి’ అన్న మాట కోసం పట్టుబట్టారు. రాజ్యాంగంలోకి మాత్రం ‘షెడ్యూల్డ్ తెగలు’ అన్న మాటే ఎక్కింది.

ఆ ఆరాటం తెలుగు నేలకూ తెలుసు.

1940లో జోడేఘాట్ దగ్గర గోండు వీరుడు కొమురం భీమ్ నేలకొరిగాక, గోండుల గోడు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపింది. ఆయన చొరవతో మార్లవాయిలో గోండు యువకులే పంతుళ్లుగా తయారయ్యారు. పిల్లలకు గోండిలో వాచకాలు వచ్చాయి. ఏలుబడి ఆ భాషను వినాలంటే ముందు నెత్తురు చిందాల్సి వచ్చింది.

అదే జిల్లాలోని గుంజాలలో మరో సంపద దాగి ఉంది. ఊరి పెద్దలు కొందరు పాత రాతప్రతులను కాపాడుకుంటూ వచ్చారు. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకుల కృషితో ఆ లిపి లోకానికి తెలిసింది. తెలుగు హల్లులు ‘క’తో మొదలైతే అందులో ‘య’తో మొదలవుతాయి. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. గుంజాల అక్షరం కంప్యూటర్ తెరకు చేరుకుంది.

గోండి భాషకు రాజ్యాంగ గుర్తింపు మాత్రం ఇంకా అందలేదు. 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షలకు పైనే. సంతాలీ, బోడో భాషలు 2003లోనే రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చేరాయి. గోండి ఇంకా గుమ్మం బయటే ఉంది. ద్రావిడ కుటుంబంలో తెలుగుకు అది దగ్గరి తోబుట్టువు.

ఈరోజు పట్టాలు అందుకుంటున్న యువమిత్రుల్లో రేపటి టీచర్లున్నారు. ఎవరో ఒకరికి ఆదిలాబాద్ జిల్లాలోని ఉట్నూరు వైపు ఉద్యోగం పడుతుంది. ఒకటో తరగతిలో ఓ గోండు పాప వేళ్లు మడుస్తూ ‘రండ్, మూండ్’ అని లెక్కపెడుతుంది. “తప్పు, రెండు, మూడు అనాలి” అని దిద్దబోయే టీచరు ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాతి అంకె ఏమిటో ఆ పాపనే అడగాలి. ‘నాలుంగ్’ అంటుంది. ఆ మాటను నల్లబల్ల మీద ‘నాలుగు’ పక్కనే రాయాలి.