ఆ కాగితం మనది, ఆ చదువూ మనదే

(ఏ.ఎన్.ఎం.లు, స్టాఫ్ నర్సులు, సంఘం కార్యకర్తలు కలిసిన మండల సమావేశంలో ఒక రిటైర్డు స్టాఫ్ నర్సు మాట్లాడిన మాటలు)

అక్కలారా, చెల్లెళ్లారా, వెనక నిలబడ్డ అన్నలారా!

పొద్దున్నే టీకాలేసి, రిపోర్టులు రాసి, రెండు బస్సులు మారి వచ్చారు మీరు. అందుకని పెద్ద ఉపన్యాసం చెప్పను. ఒక్క కాగితం సంగతి మాట్లాడతాను. నర్సు రిజిస్ట్రేషను కాగితం.

మా నాయనమ్మ మంత్రసాని. మాదిగపల్లెలో ఉండేది. ఊళ్లో ఎవరికి నొప్పులొచ్చినా అర్ధరాత్రి కబురొచ్చేది. పురుడు పోసేదాకా ఆమె చేతులు కావాలి. పోసిన తర్వాత ఆ చేతులే అంటు. చాటలో వడ్లు పోసి గడప బయట పెట్టేవాళ్లు. ఊరిలో సగం మందిని ఈ లోకంలోకి తెచ్చిన మనిషి పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. 1926లోనే మద్రాసు రాష్ట్రంలో నర్సులకు, మంత్రసానులకు చట్టమొచ్చింది, రిజిస్టరూ వచ్చింది. అది మా పల్లె దాకా నడిచి రాలేదు.

మైల పని అని పెద్దకులాలోళ్లు మొహం తిప్పుకున్న పనిని మనం చదువుగా మార్చుకున్నాం. మా ఇంట్లో మొదటిసారి ప్రభుత్వ రిజిస్టరులోకి ఎక్కిన పేరు నాది. మరి అంత విలువైన కాగితాన్ని నేనేం చేశాను? ట్రంకుపెట్టెలో పెట్టి మర్చిపోయాను!

రిటైరయ్యాక ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో చేరాను. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళమేశారు. ఐదేళ్ల గడువు దగ్గర పడింది, రెన్యువలు చేయించుకోవాలి, కాగితాలివ్వండయ్యా అంటే, "పని మానేసే ఆలోచన ఉందా?" అన్నాడు యజమాని. రేపు, ఎల్లుండి అంటూ గడువు దాటించాడు. నేనూ గట్టిగా అడగలేకపోయాను. ముప్పై ఏళ్లు ఇంజెక్షన్లు చేసిన దాన్ని, నా కాగితం నేను అడగడానికి భయపడ్డాను. ఆ తప్పు మీరు చెయ్యొద్దు. జిరాక్సులు ఇవ్వండి. ఒరిజినల్ చూపించి వెనక్కి తీసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. నర్సు రిజిస్ట్రేషనును ఐదేళ్లకోసారి రెన్యువలు చేసుకోవాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన పద్ధతి. ఆ ఐదేళ్లలో 150 గంటల తరగతులు వినాలంది. అంటే ఏడాదికి 30 గంటలు. ఏ తరగతి లెక్కకొస్తుంది, ఏ కాగితాలు జతచెయ్యాలి అనేది మీ రాష్ట్ర కౌన్సిలునే అడగండి, మధ్య దళారీని కాదు. 2014లో రాష్ట్రం రెండయ్యింది, కౌన్సిళ్లూ రెండయ్యాయి. ఉమ్మడి రాష్ట్రంలో నమోదైన అక్కలు తమ పేరు ఇప్పుడు ఎక్కడుందో ముందే చూసుకోవాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లు టెన్తు సర్టిఫికెట్లో, ఆధారులో, రిజిస్ట్రేషనులో ఒకే పేరుందో లేదో చూసుకోవాలి. 2023లో పార్లమెంటు నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది, 1947 నాటి కౌన్సిలు చట్టం స్థానంలో. ఆఫీసు బోర్డు మారొచ్చు గానీ, రిజిస్టరులో పేరుండటం అనే అవసరం మారదు.

"ఇన్నేళ్ల సర్వీసున్నదాన్ని, నాకు మళ్లీ తరగతులేంటి?" అని ఒక అక్క ఇందాక నన్నడిగింది. నేనూ అట్లాగే అన్నదాన్ని. వినండి. నేను ట్రైనింగు చేసిన రోజుల్లో బిడ్డ పడగానే బొడ్డు కోసేవాళ్లం. ఎంత తొందరగా కోస్తే అంత పనిమంతురాలు. ఇప్పుడేమంటున్నారు? బిడ్డ ఏడ్చి బాగుంటే కనీసం ఒక నిమిషం, వీలైతే మూడు నిమిషాలు ఆగమంటున్నారు. ఆ కాసేపట్లో మాయలో ఉన్న నెత్తురు బిడ్డలోకి పోతుంది. ఆ నెత్తురులోని ఇనుము తర్వాతి నెలల్లో బిడ్డను కాస్తుంది. పుట్టిన వెంటనే స్నానం చేయించేవాళ్లం. ఇప్పుడు 24 గంటలు ఆగమంటున్నారు, బిడ్డ చల్లబడిపోకుండా.

నెత్తురు తక్కువున్న తల్లులు ఎక్కువ ఎక్కడ? మన పల్లెల్లో కదా! ఆ రెండు మూడు నిమిషాలు ఎక్కువ అక్కరొచ్చేది మన బిడ్డలకే. ఈ సంగతి తెలియక నేను ఎందరు పిల్లలకు తొందరపడి బొడ్డు కోశానో! అది తల్చుకుంటే రాత్రి నిద్ర పట్టదు. అందుకే చెబుతున్నాను: సంతకం పెట్టి, భోజనం చేసి, సర్టిఫికెట్టు తీసుకుని వచ్చేయొద్దు. డబ్బిచ్చి గంటలు కొనొద్దు. కొన్న కాగితం ఆఫీసులో చెల్లొచ్చు, పురిటి మంచం దగ్గర చెల్లదు.

అయితే తప్పంతా మన మీదే వేస్తే ఊరుకోవద్దు. డబుల్ డ్యూటీ చేసి వచ్చిన కాంట్రాక్టు నర్సు సెలవు పెట్టి, జీతం కోయించుకుని, చార్జీలు పెట్టుకుని ఎక్కడో పట్నంలో ఇంగ్లీషు ఉపన్యాసం వినాలా? చదువు నిబంధన పెట్టినవాళ్లు చదువుకునే వీలు కూడా కల్పించాలి. తరగతి రోజును డ్యూటీగా లెక్కించాలి. ఏరియా ఆసుపత్రుల్లోనే, తెలుగులో, ఫీజు లేకుండా పెట్టాలి. బొమ్మ మీద చేత్తో చేయించి నేర్పాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దాచిపెట్టే యజమానుల్ని నిలదీయాలి. ఈ మాటలు అర్జీగా రాసి, అందరం సంతకాలు చేసి ఇద్దాం.

ఈలోగా సంఘం చెయ్యాల్సిన పని ఒకటుంది. ఒక నోటుబుక్కు పెట్టండి. ప్రతి అక్క పేరు, రిజిస్ట్రేషను నంబరు, గడువు తేదీ, విన్న గంటలు రాయండి. గడువుకు ఆరు నెలల ముందే ఇంటికెళ్లి గుర్తుచెయ్యండి. ఒకరు నేర్చుకున్నది పదిమందికి చెప్పండి.

పూనాలో 1897లో ప్లేగు వచ్చినప్పుడు సావిత్రిబాయి ఫూలే మహర్ పిల్లవాణ్ణి వీపున మోసుకుని ఆసుపత్రికి తెచ్చింది. అదే రోగంతో చనిపోయింది. చదువు చెప్పిన తల్లే సేవా చేసింది. ఆ రెండూ వేరు కాదని మనకు నేర్పిపోయింది.

మా నాయనమ్మకు రిజిస్టరులో చోటు దొరకలేదు. మనకు దొరికింది. గడువు దాటించి దాన్ని మన చేతులతో మనమే కొట్టేసుకోవద్దు.

జై భీమ్!