నవ్వినందుకు మేం నేర్చుకున్నది
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



పొదుపులు, వాయిదాల సంగతి లెక్కల పుస్తకంలో ఉంది. మేం ఇవాళ వేరే మాట చెప్పడానికి వచ్చాం.

పోయిన ఏడాది మా సంఘంలో ఒక అక్క కూతురు ఇంటర్ పాసయ్యింది. డిగ్రీ చదివి సముద్రం మీద పరిశోధన చేస్తానంది. ఫీజుకి వాళ్లమ్మ అప్పు అడిగితే మేమందరం నవ్వాం. "వేటకెళ్లే ఇంట్లో పుట్టి సముద్రం గురించి చదివేదేంటి? కుట్టుమిషనుకైతే ఇస్తాం" అన్నాం. తీర్మానం రాయలేదు.

తర్వాతి సమావేశానికి ఆ పిల్లే వచ్చి, శ్రీలంక ఆవిడ ఆశా డి వోస్ గురించి చెప్పింది. చిన్నప్పుడు నాన్న తెచ్చిన పాత పత్రికలు చూసి ఆవిడకి సముద్రం మీద మనసు పడిందంట. స్కాట్లాండ్‌లో చదివి, అక్కడే బంగాళాదుంపల పొలాల్లో పనిచేసి డబ్బు కూడబెట్టింది. తిమింగలాల మీద పరిశోధన చేసే ఓడ వస్తోందని తెలిసి, తననీ ఎక్కించుకోమని నెలల తరబడి రాస్తూనే ఉంది. చివరికి ఎక్కించుకున్నారు.

2003లో శ్రీలంక దగ్గర ఆరు నీలి తిమింగలాలు ఒకేచోట కనిపించాయి. నీళ్ల మీద ఎర్రటి పెంట తేలుతోంది. వెచ్చని నీళ్లలో అవి మేయవని అప్పటిదాకా అనుకునేవారు. పెంట ఉందంటే మేత కూడా ఇక్కడేనని ఆవిడ పట్టుకుంది. ఆ దారినే పెద్ద ఓడలు పోతూ వాటిని గుద్ది చంపుతున్నాయి. ఆవిడలాంటి వాళ్లు ఏళ్ల తరబడి చెప్పగా చెప్పగా, 2022లో ఎం.ఎస్.సి. అనే పెద్ద ఓడల కంపెనీ తన దారిని ఇంకా దక్షిణంగా జరిపింది.

అది విని మా సంఘంలో పెద్దావిడ, "గేదె పేడ చూసి మనం జబ్బు చెప్పమా? ఇదీ అంతేగా" అంది. ఈసారి నవ్వు వేరేగా వచ్చింది.

అప్పుడా పిల్ల, "పెద్దమ్మా, చలికాలంలో మన ఒడ్డుకి తాబేళ్లు చచ్చి కొట్టుకొస్తాయి కదా, ఎందుకో ఎవరైనా అడిగారా?" అంది. తాబేలు ఊపిరికి పైకి రావాలంట. వలలో చిక్కి రాలేక చచ్చిపోతుందంట. మేం ఇన్నేళ్లూ ముక్కు మూసుకుని పక్కనుంచి పోయినవాళ్లమే.

ఆ రోజే రూ.15,000 అప్పుకి తీర్మానం రాసి అందరం సంతకాలు పెట్టాం. వాళ్లమ్మ ఎండుచేపలు అమ్మి కడుతోంది. వేట నిషేధం నెలల్లో రెండు వాయిదాలు ఆలస్యమయ్యాయి, మేం ఆగాం.

ఆ పిల్ల శాస్త్రవేత్త అవుతుందో లేదో ఇప్పుడే చెప్పలేం. కానీ మీ సంఘాల్లో ఏ ఆడపిల్లకైనా చదువు అప్పు అడిగితే, కాదనే ముందు ఆ పిల్లని పిలిచి కూర్చోబెట్టి వినండి. మేం ఒక నెల ఆలస్యంగా విన్నాం.